మీటరు నంబరు పక్కన ఖాళీ గడి

జూన్ ఒకటి నుంచి తలుపులు బార్లా తెరుస్తారట,
నీళ్ల అంగడికి.
అప్పటిలోగా మేం తేల్చాల్సింది ఒక్కటే,
ఏ నల్లా ఎవరిదో.

చిలకలగూడ సెక్షన్ ఆఫీసులో మూడు రిజిస్టర్లు,
మూడింటిలో మూడు హైదరాబాదులు.
ఒకదాంట్లో పోయినవాళ్లు ఇంకా బిల్లు కడుతున్నారు.
ఒకదాంట్లో ఎప్పుడో కూల్చేసిన సినిమా హాలు
నెలకు నలభై కిలోలీటర్లు తాగుతోంది.
మూడోదాన్ని చెదలు చదివేశాయి.

"మొదట వ్యాపారాలకే" అన్నాడు ట్రైనింగిచ్చే అబ్బాయి,
మెడలో కార్డు, చేతిలో సీసా నీళ్లు.
"హోటలైనా హాస్టలైనా ఆస్పత్రైనా
ఇక నచ్చిన కంపెనీ దగ్గర కొనుక్కోవచ్చు."
వెనక బెంచీలోంచి వాల్వుమన్ కొమ్రెల్లి చెయ్యెత్తాడు.
"నీళ్లు యాడికెల్లి వస్తయి సార్?"
"నీళ్లు అవే."
"పైపు?"
"అదే పైపు."
"మరి వాల్వు తిప్పేది?"
అబ్బాయి స్లైడు మార్చాడు.

మర్నాటి నుంచి నేను, కొమ్రెల్లి,
ఛార్జింగు నిలవని ఒక ట్యాబు, ఒక గడ్డపార.

మెట్టుగూడ ఇరానీ హోటల్లో మీటరు
బొగ్గు బస్తాల కింద దొరికింది,
అద్దం నిండా ముప్పయ్యేళ్ల మసి.
ముర్తుజా సాబ్ మా చేతుల్లో బిస్కెట్లు పెట్టాడు.
"కొత్త కంపెనీ ఏమిస్తది మేడం, డిస్కౌంటా?"
కాసేపాగి,
"గండిపేట పానీ తాగినోడు ఊరు విడవడంటరు గదా.
కంపెనీ మారిస్తే ఆ మాట చెల్లుతదా?"
నవ్వాను. ట్యాబులో ఆ ప్రశ్నకు గడి లేదు.

నర్సుల హాస్టల్లో వార్డెన్ విశాలాక్షి
గేటు సగమే తెరిచింది.
నూట పది మంచాలు, ఇంటి కనెక్షను ఒకటి.
"ఇల్లనే రాసుకో తల్లీ, వీళ్లంతా నా పిల్లలే."
మెట్ల పొడుగునా నిలబడ్డ బకెట్లు
అవునన్నట్టే ఉన్నాయి.
వ్యాపారం అని రాశాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను.
పట్టింది. కాళ్లు అంతగా లాగాయి.

ఐస్ ఫ్యాక్టరీకి అప్పటికే రెండు కంపెనీల మనుషులు
వచ్చి పోయారట, క్యాలెండర్లిచ్చి,
టేబుల్ మీద వేలితో లెక్కలు వేసి.
కలిసొచ్చేది నూటికి రెండు రూపాయలు.

పార్సీగుట్ట ఎక్కుడులో అనసూయమ్మ.
ముందు గదిలో రెండు గ్రైండర్లు,
వెనక గదిలో నలుగురు మనుషులు.
ఇడ్లీ పిండి ప్యాకెట్టు ముప్పై అయిదు.
"మీది ఇల్లా, వ్యాపారమా?"
పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆలోచించింది,
నిజంగానే ఆలోచించింది.
"పొద్దుగాల నాలుగింటికి దుకాణం. తొమ్మిదైతే ఇల్లు.
పప్పు నానుతున్నప్పుడు ఏందో నువ్వే చెప్పు."
వ్యాపారమైతే కంపెనీని ఎంచుకోవచ్చన్నాను.
"కంపెనీతోని నాకేం పని బిడ్డా,
టైము ఎంచుకోనిస్తరా?
దినం తప్పి దినం, అదీ నడిరాత్రి ఇడుస్తరు నల్లా.
పప్పు కడిగే యాళ్లకు ఇడువుమను,
బిల్లు మీద పేరు ఎవలదన్న రాసుకో."

కొమ్రెల్లి గోడకేసి చూశాడు.
ఆ లైను తాళంచెవి అతని భుజం మీదే ఉంది,
నాలుగడుగుల ఇనుప కడ్డీ.

నేను గడి ఖాళీగా వదిలేశాను.
ట్యాబు ఒప్పుకోలేదు, ఎర్రగా మెరిసింది.
మళ్లీ వదిలాను. మళ్లీ ఎరుపు.

దిగువకు దిగుతుంటే కొమ్రెల్లి అడిగాడు,
నన్ను కాదు, రోడ్డును:
"ముషీరాబాద్ దిక్కు పదిహేడు సుట్లు.
ఈ గుట్టకు పదకొండు.
పన్నెండు తిప్పితే కింద బస్తీల పైపు పలుగుతది.
మా నాయిన చెప్పిండు, ఆయనకు ఎవలో చెప్పిన్రు.
ఇది ఏ రిజిస్టర్ల రాస్తున్రు?"

టీ బండి పక్కన స్కూటరాపి
ట్యాబు తెరిచాను.
రిమార్కుల గడిలో ఇరవై అక్షరాలకే చోటు.
పదకొండు సుట్లు, అని కొట్టాను.

తీసుకుంది.